కఱవుసీమలో ఆకాశవిద్య

ఉట్టికెక్కలేనమ్మ స్వర్గమున కెక్కునా యను సామెత మన పల్లెలలో నేటికిని వాడుకలోనిదే. శ్రీహరికోటనుండి రాకెట్టు లేచినదని విన్న దినమున అనంతపురపు మెట్టపొలములలో ఈ సామెత వేఱొక రూపమున వినవచ్చుచుండును. గుక్కెడు నీటికై వందలాది అడుగుల లోతునకు బోరు దింపవలసిన సీమకు చంద్రమండలముతో పనియేమి? 2024-25 కేంద్రపు బడ్జెటులో అంతరిక్షశాఖకు కేటాయించిన 13,000 కోట్ల రూపాయల పైచిలుకు ధనములో ఈ ఎఱ్ఱనేలకు దక్కిన దేమి? ఈ ప్రశ్నను అజ్ఞానమని త్రోసిపుచ్చుట సులభమే గాని న్యాయము కాదు. ప్రజాధనము వెచ్చించు ప్రతి సంస్థయు ఇట్టి ప్రశ్నకు బదులు చెప్పవలసినదే. అయితే ఆ బదులును శ్రీహరికోటలో గాక అనంతపురమునకు సమీపమున, ఇటికలపల్లివద్ద నున్న శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమున వెదకవలసియున్నది.

ఆ విద్యాలయపు భౌతికశాస్త్ర శాఖయం దొక వాయుమండల పరిశోధనశాల కలదు. గాలిలో తేలియాడు ధూళిని, మసిని, పొగను, ఇతర సూక్ష్మకణములను కొలుచుట దాని పని. సూర్యకిరణము వాయుమండలమును దాటి నేలకు చేరునప్పటికి ఎంత క్షీణించినదో సన్‌ఫొటోమీటరు చూపును; గాలిలోని మసి ఎంతయో ఏథలోమీటరు రేయింబవళ్లు లెక్కించును. ఈ పరిశోధనకు ఊతమైనది భారత అంతరిక్ష పరిశోధన సంస్థ. ఆ సంస్థ నడపు భూగోళ జీవగోళ కార్యక్రమములో భాగముగా దేశమంతట నెలకొల్పబడిన కణపరిశీలన కేంద్రముల వరుసలో అనంతపురమును ఒకటి. తిరువనంతపురమునందలి అంతరిక్ష భౌతికశాస్త్ర ప్రయోగశాల ఈ కేంద్రముల నన్నిటిని ఒక్క సూత్రమున గూర్చుచున్నది.

ఈ కొలతలవలన తేలిన విషయములు సామాన్యములు కావు. మసి ఉదయమున జనసంచారము మొదలైన వేళ ఒకసారియు, రాత్రి తొలిజామున మఱియొకసారియు హెచ్చుచున్నది. శీతకాలమున అధికముగను, వానకాలమున స్వల్పముగను ఉండుచున్నది. వాహనముల పొగ, పొయ్యిల పొగ యింతకు కొంత కారణము కాగా, చల్లని వేళలలో నేలనంటిన గాలిపొర పలుచబడి పొగను పైకి పోనీయకుండుట వేఱొక కారణము. వేసవిలో పొడినేలనుండి లేచు ధూళి ఆకాశమును మసకపఱచుచున్నది. 2001 మొదలు 2003 వఱకు ఇచ్చటనే జరిగిన ఓజోను పరిశీలనలో, నేలమట్టమున ఆ వాయువు వేసవిలో హెచ్చి వానలలో తగ్గునని తేలినది. ఇది మనుష్యుల ఊపిరితిత్తులకును, పైరుల ఆకులకును హాని కలిగించు వాయువు.

దుమ్ము, మసి కొలిచినంతమాత్రమున వాన కురియునా యని కొంద ఱడుగవచ్చును. కురియదు. నైరృతి మేఘములను పశ్చిమకనుమలు అడ్డగించుటయు, ఈశాన్య ఋతుపవనము ఈ పీఠభూమిని చేరునప్పటికి సత్తువ యుడుగుటయు అనాదిగా నున్న కారణములు. వానివలననే ఈ సీమకు ఏటికి 550 మిల్లీమీటర్ల ప్రాంతముననే వాన. అయినను తెల్లని కణములు ఎండను వెనుకకు మఱల్చి నేలను చల్లబఱచును; మసి ఎండను త్రాగి గాలిపొరను వేడెక్కించును; రెండును మేఘములు కూడుటను, విడుటను ఎంతోకొంత మార్చును. ఎంత మార్చుననుటయే నేటి వాతావరణశాస్త్రమునందలి పెద్ద చిక్కులలో ఒకటి. ఆ చిక్కు విడుటకు వానలు పుష్కలముగా గల సీమల లెక్కలు చాలవు. అనంతపురమువంటి మెట్టసీమల లెక్కలును కావలెను.

దీనినిబట్టి ఒక విషయము స్పష్టమగుచున్నది. అంతరిక్షసంస్థ విశ్వవిద్యాలయమున కొనర్చుచున్నది దానము కాదు, వినిమయము. ఉపగ్రహము వందల మైళ్ల యెత్తునుండి చూచును. ఎఱ్ఱగా మెఱయు బీడునేలమీద ఆ చూపునకు ధూళి యేదియో నేల యేదియో విడదీయుట కష్టము. ఆ చూపు నిజమా కాదా యని తేల్చుటకు నేలమీద నిలుచుండి కొలుచువా డుండవలెను. ఆకాశమునం దుపగ్రహమెంత యవసరమో ఇటికలపల్లిలో నొక పరిశోధకుడును అంత యవసరము.

ఈ వినిమయమునకు చరిత్ర కలదు. విశ్వవిద్యాలయముల పరిశోధనలకు ధనసాహాయ్యము చేయుటకై 1970 దశకమునందే ఈ సంస్థ రెస్పాండ్ అను ప్రణాళికను ఆరంభించెను. 1980 దశకమున మధ్యవాయుమండల పరిశోధన జరిగినపుడు విశాఖపట్టణమునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయము కణపరిశీలనకు చేయి కలిపెను. తిరుపతి చెంత గాదంకిలో 1,024 యాంటెన్నాలతో గాలిని శోధించు మహారాడారు వెలసి, 1992లో జాతీయ సౌకర్యమై, 2005లో జాతీయ వాయుమండల పరిశోధనశాలగా రూపొందెను. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు పరిశోధకులు దానివలన లబ్ధిపొందిరి. 2006లో నౌక, విమానము, భూకేంద్రములు ఏకకాలమున పాల్గొనిన గొప్ప పరిశీలన జరిగినది. 2007లో తిరువనంతపురమున అంతరిక్ష విద్యకే ప్రత్యేకముగా ఒక విద్యాసంస్థ నెలకొల్పబడినది. పూనా, బెంగుళూరు, మదరాసు మున్నగు చోట్ల ఉన్నత విద్యాలయములలో అంతరిక్ష విభాగములు పనిచేయుచున్నవి.

మహానగరముల విద్యాలయములు తమంతట తాము నిలువగలవు. మెట్టసీమ విద్యాలయముల స్థితి వేఱు. 1937 నవంబరు 16వ తేదీన మదరాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహమున కుదిరిన ఒడంబడికలో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వాల్తేరునందొకటి, అనంతపురమునందొకటి కేంద్రములుండవలెనని పెద్దలు వ్రాసికొనిరి. అనంతపురమున స్నాతకోత్తర కేంద్రము 1968లో గాని రాలేదు. స్వతంత్ర విశ్వవిద్యాలయము 1981లో గాని రాలేదు. వాగ్దానమునకును ఫలమునకును నడుమ 44 ఏండ్లు గడచినవి. ఇంత యాలస్యముగా మొలచిన మొక్కకు రెండింతలు నీరు పోయవలసియుండగా, రాష్ట్రమందలి విశ్వవిద్యాలయములలో అధ్యాపక పదవులు ఏండ్ల తరబడి ఖాళీగా నుండుట అందఱెఱిగిన సంగతియే. యంత్రము అంతరిక్షసంస్థ ఇయ్యవచ్చును. ఆ యంత్రము చెంత నిలుచు మనుష్యుని విశ్వవిద్యాలయము ఇయ్యవలెను. పథకము గడువు తీరగానే పరిశోధకవిద్యార్థి జీవనోపాధికై వేఱొక చోటికి పోయినచో, ఇరువదియేండ్ల కొలతల వరుస ఒక్క యేడు తెగినను ఆ లోటు మఱల పూడునది కాదు. గడచిన వేసవి గాలిని వచ్చు వేసవిలో కొలువలేము గదా!

మన పూర్వులకు ఈ ధర్మము తెలియును. అనంతసాగరము మొదలు బుక్కపట్టణము, ధర్మవరము, శింగనమల చెరువుల వఱకు ఈ సీమ చెరువులమీద బ్రతికినది. చెరువు కట్టించుట ఒకనాటి కీర్తి. ఏటేట పూడిక తీయించుట, తూములు చూచుకొనుట నిత్యకృత్యము. కట్టించి విడిచిన చెరువు పదియేండ్లకు తుమ్మచెట్ల పాలగును. విజ్ఞానసంస్థలకును ఇదే న్యాయము. 1975 ఆగస్టు 1వ తేదీనుండి ఒక్క సంవత్సరము అమెరికా ఉపగ్రహ సాహాయ్యమున ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు అందినవి. ఆ ఆరింట ఆంధ్రప్రదేశమును ఒకటి. గడువు తీరగానే ఉపగ్రహము మరలిపోయెను. 2004 సెప్టెంబరు 20న విద్యకొఱకే ఎడ్యుసాట్ ఎగురవేయబడెను. దాని వినియోగమునందలి లోపములను 2013లో ఆడిటరు జనరల్ నివేదిక విమర్శింపవలసివచ్చెను. ఆకాశమునకు ఎక్కించుట మనకు చేతనైనది. ఎక్కించిన దానిని బడిగదివఱకు దించుటయే ఇంకను పూర్తిగా చేతకాలేదు.

ఈ వ్యవహారము విద్వాంసులది, మనకేల యని భూస్వాములు, రైతులు ఉపేక్షించుటకు వీలులేదు. 2016 నాటి కేంద్ర కఱవు నియమావళి ననుసరించి కఱవుమండలములను నిర్ణయించునపుడు వానలోటుతోబాటు ఉపగ్రహము చూపు పచ్చదనపు సూచికయు లెక్కకు వచ్చుచున్నది. పైపచ్చదనము వేఱు, పంట వేఱని వేరుసెనగ రైతునకు ఎవరును చెప్పనక్కఱలేదు. ఊడలు దిగు వేళ వాన మొగము చాటుచేసినచో ఆకు పచ్చగనే యుండును, కాయ తాలుపోవును. బీళ్లలోని తుప్పలును పైనుండి చూచువానికి పచ్చగనే కనబడును. నియమావళిలో నేలమీది తనిఖీకి చోటు కలదు గాని, సూచికను చదివి ఇందు లోపమిది యని సాక్ష్యముతో వాదించుటకు ఆ విద్య నేర్చినవారు జిల్లాలోనే యుండవలెను. నేర్పువారు ఇచ్చటి విద్యాలయమున లేనిచో మన కఱవును గూర్చి పరులు చెప్పినదే ప్రమాణమై, సాహాయ్యము రానినాడు నిట్టూర్పే మనకు మిగులును.

కాబట్టి చేయవలసిన పనులు కొన్ని స్పష్టముగా నున్నవి. అంతరిక్షసంస్థ ఇట్టి దీర్ఘకాల పరిశీలన కేంద్రములను రెండు మూడేండ్ల పథకములుగా గాక శాశ్వత సౌకర్యములుగా భావించి ధనము కేటాయింపవలెను. రాష్ట్రప్రభుత్వమువారు ఆయా శాఖల పదవులను నింపి, కొలతలు చూచుటకు ఒకరిద్దరు స్థిరోద్యోగులనైన నియమింపవలెను. రాష్ట్ర విద్యాలయములకు తోడ్పడుదునని 2023 నాటి శాసనముతో పుట్టిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ తన మాట నిలుపుకొనుటకు అనంతపురముకంటె తగిన పరీక్షాస్థల మేది? విశ్వవిద్యాలయమువారు తమ వంతుగా ఫలితములను విదేశ పత్రికలలో ప్రకటించుటతో తృప్తిపడక, ఏటికొకసారియైన సుబోధకమైన తెలుగులో అచ్చొత్తించి గ్రామపంచాయతులకు, రైతుసంఘములకు పంపవలెను.

బాలుర చదువు సంగతియు ఇట్టిదే. యువిక యను పేర 2019లో ఆరంభమైన బాలవైజ్ఞానిక కార్యక్రమమునకు తొమ్మిదవ తరగతి పిల్లలను ఎన్నుకొని, సెలవులలో అంతరిక్షకేంద్రములయందుంచి శిక్షణ నిచ్చుచున్నారు. పల్లెబడుల పిల్లలకు కొంత యెక్కువ ప్రాధాన్యము నిచ్చుట మెచ్చదగినది. కాని తొలియేట రాష్ట్రమునకు ముగ్గురే! తొమ్మిదవ తరగతి చదువు లక్షలమందిలో ముగ్గురు శ్రీహరికోటను చూచుట శుభమే. రాయదుర్గము, కల్యాణదుర్గము, మడకశిర పల్లెలలోని మిగిలిన పిల్లలకు ఇటికలపల్లి ప్రయోగశాల దూరము కాదు. వారానికొక బడి పిల్లలకు అచ్చటి యంత్రములను చూపి, తమ యూరి గాలిని తామే కొలిచికొను విధము నేర్పినచో అందుకయ్యెడు వ్యయము బహుస్వల్పము.

సత్రములు కట్టించి, బావులు త్రవ్వించి, బడులకు భూములిచ్చిన వంశములు ఈ జిల్లాలో నేటికిని కలవు. 1916లో దత్తమండలముల కళాశాలయు, 1946లో ఇంజనీరింగు కళాశాలయు ఈ పట్టణమున వెలసి, మెట్టసీమ పిల్లలు ఎవరికిని తీసిపోరని నిరూపించినవి. గ్రామమున కొక వర్షమానిని నిలిపి దినదినమును లెక్క వ్రాయించుటకు, పేద పరిశోధకవిద్యార్థి కొక సంవత్సరపు వేతన మిచ్చుటకు మన శ్రీమంతులకు శక్తి చాలకపోదు. ప్రభుత్వములను అడుగువాడు తానును కొంత ఇచ్చి అడిగినపుడు ఆ మాటకు బలము హెచ్చును.

ఉట్టికెక్కలేనమ్మ సామెతకు ఇదియే సమాధానమని మా యభిప్రాయము. స్వర్గమున కెక్కుట తప్పు కాదు. ఎక్కిన నిచ్చెన కాళ్లు మన నేలమీద గట్టిగా నానియుండవలెను. అనంతపురమున ఆ కాళ్లు ఆనుటకు చోటు సిద్ధముగ నున్నది, పని ఆరంభమై రెండు దశాబ్దములు దాటినది. దానిని పూడిపోనీయకుండుట అంతరిక్షసంస్థకును, రాష్ట్రప్రభుత్వమునకును, ఈ జిల్లా పెద్దలకును సమానముగ విధియైయున్నది.