మత్తు లేదని ఒక సంతకం

గంజాయి అలవాటున్న వ్యక్తికి తుపాకీ ఉంచుకునే హక్కు ఉంటుందా? టెక్సస్ నుంచి వచ్చిన ఈ వివాదాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో విచారణకు స్వీకరించింది. మాదకద్రవ్యాలు వాడేవారి చేతిలో ఆయుధం ఉండరాదన్నది అక్కడ 1968 నాటి చట్టం. అప్పటి అధ్యక్షుడి కుమారుడు హంటర్ బైడెన్ 2024 జూన్‌లో దోషిగా తేలిన కేసుకు మూలం ఆ నిషేధమే. డిసెంబరులో తండ్రి క్షమాభిక్షతో గట్టెక్కాడు. తుపాకుల వ్యామోహం వారిది, మనకెందుకు అనుకునేవారు కోల్‌కతాలోని లాల్‌బజార్ వైపు ఒకసారి చూడాలి.

ఈ నగరంలో ఆయుధ లైసెన్సు ఇచ్చే అధికారం పోలీస్ కమిషనర్‌ది. దరఖాస్తుతో వైద్యుడి ధ్రువపత్రం జతచేయాలి. దరఖాస్తుదారు మత్తుపదార్థాలపై ఆధారపడినవాడు కాడని అందులో ప్రత్యేకంగా పేర్కొనాలని 2016 ఆయుధ నియమాలు ఆదేశిస్తున్నాయి. అమెరికా చట్టం 'వాడేవాడు' అంటుంది, మన నియమం 'ఆధారపడినవాడు' అంటుంది. నా దృష్టిలో మన మాటే మేలైనది. విజయదశమి నాడు ఒక గ్లాసు సిద్ధి పుచ్చుకునే బెంగాలీ గృహస్థునూ, నిత్యం మత్తులో మునిగినవాణ్ణీ అది ఒకే గాటన కట్టదు. మద్యానికి మినహాయింపూ ఇవ్వదు. కానీ ఆ మాట వెనుక బలమేదీ? ఏ పరీక్ష జరిపి వైద్యుడు అలా రాయాలో నియమం చెప్పదు. పైగా మూడేళ్ల లైసెన్సు గడువును 2019 సవరణ ఐదేళ్లకు పెంచింది. మనిషి వ్యసనపరుడు కావడానికి ఐదేళ్లు అక్కర్లేదు. అయిదు నెలలు చాలు.

ఇలా అనగానే హక్కువాదులు చరిత్రను ముందుకు తెస్తారు. ఆ చరిత్ర చిన్నది కాదు. 1878 ఆయుధ చట్టం భారతీయులను నిరాయుధులను చేసి, ఐరోపావారిని మినహాయించింది. దానికి జవాబుగానే 1914 ఆగస్టు 26న ఇదే నగరంలో రోడా కంపెనీకి చెందిన 50 మౌజర్ పిస్తోళ్లను విప్లవకారులు దారి మళ్లించారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై పడింది కూడా తుపాకుల కోసమే. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును కోరింది. అయితే 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుగా చేర్చమన్నప్పుడు అంబేడ్కర్ వ్యతిరేకించారు, సవరణ వీగిపోయింది. అంబేడ్కర్‌దే సరైన నిర్ణయం. పరాయి పాలకుడు నిరాకరించినందువల్ల అడిగిన హక్కు, ఓటున్న దేశంలో అదే రూపంలో కొనసాగనక్కర్లేదు.

హక్కును నిరాకరించిన రాజ్యానికి మాత్రం ఒక బాధ్యత మిగిలింది: తన అదుపులో ఉన్న ఆయుధాన్ని నిజంగా అదుపులో ఉంచడం. జరుగుతున్నదేమిటి? ఎన్నికలు రాగానే లైసెన్సుదారులు పోలీసు స్టేషన్లలో తుపాకులు అప్పగిస్తారు. బెంగాల్ పల్లెల్లో నాటుబాంబులు, నాటు తుపాకులు మాత్రం ఎవరికీ అప్పగించబడవు. కోల్‌కతా శివార్లలోని ఇషాపూర్ ప్రభుత్వ రైఫిల్ ఫ్యాక్టరీ నుంచే తుపాకీ విడిభాగాలు బయటికి తరలుతున్నాయని 2017లో పోలీసులు బయటపెట్టారు.

ఇక యూనిఫాం చేతిలోని తుపాకీ సంగతి. 2022 జూన్ 10న పార్క్ సర్కస్ ప్రాంతంలో, బంగ్లాదేశ్ డిప్యూటీ హైకమిషన్ సమీపంలో కాపలా ఉన్న కానిస్టేబుల్ కాల్పులు జరిపి, దారిన పోతున్న ఒక మహిళను చంపి, తానూ కాల్చుకున్నాడు. ఆగస్టు 6న ఇండియన్ మ్యూజియం వద్ద సీఐఎస్ఎఫ్ జవాను సహోద్యోగిని చంపాడు. వారు మత్తులో ఉన్నారని నేను అనడం లేదు. మనిషి ఆయుధం పట్టే స్థితిలో ఉన్నాడా లేడా అన్న ప్రశ్న ఒకటే. వ్యసనం దానికొక ముఖం, మానసిక క్షోభ మరొకటి. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగి ఆయుధ చట్టం పరిధికి బయట ఉంటాడు. సామాన్యుడి నుంచి అడిగే ఆ ఒక్క సంతకమైనా అతని విషయంలో చట్టం అడగదు.

నియమాలు రాసేది ఢిల్లీ, లైసెన్సులు ఇచ్చేది లాల్‌బజార్. ఒకరినొకరు వేలెత్తి చూపుకోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. ప్రభుత్వాసుపత్రిలోనే పరీక్ష, దాని ఫలితం ధ్రువపత్రంలో నమోదు, ఏటా పునఃపరిశీలన, పోలీసు ఆయుధాగారంలో తుపాకీ అందుకునేవారికీ అదే కొలత. లైసెన్సుదారుల వరకు దీనికి కొత్త చట్టం కూడా అవసరం లేదు. కేంద్ర హోంశాఖ ఒక నోటిఫికేషన్‌తో చేయగలదు.