కొత్త కంప్యూటరుకి ఎక్కిళ్ళెందుకు?

ముందే చెప్పేస్తున్నా. కొత్త లాప్‌టాప్‌లో పాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంటే దాన్ని ఫార్మాట్ చెయ్యకండి. ర్యామ్ పెంచకండి. నెట్ కంపెనీని తిట్టకండి (వేరే కారణాలుంటే మీ ఇష్టం :)). ముందు కొలవండి. ఈ టపా మొత్తం ఆ ఒక్క మాట గురించే.

మన ఐటీవాళ్ళకి ఆఫీసు పని కాకుండా ఇంకో ఉద్యోగం కూడా ఉంటుంది, జీతం లేనిది. చుట్టాల్లో గానీ వీధిలో గానీ ఎవరు కంప్యూటరు కొంటున్నా మనల్ని అడుగుతారు. మనం ఠకీమని ప్రాసెసరేది, ర్యామెంత, ఎస్సెస్‌డీ ఉందా అని మూడు ప్రశ్నలేసి "తీసేసుకో" అంటాం. ఆ మూడు జవాబుల్లోనూ దొరకని సంగతి ఒకటుంది. ఈ మిషను చెప్పిన సమయానికి పని చేస్తుందా? వేగంగా చెయ్యడం వేరు, సమయానికి చెయ్యడం వేరు. మొదటిది పెట్టె మీద అచ్చేస్తారు. రెండోది ఎవరూ చెప్పరు, మనం అడగం.

తిరుపతిలాంటి ఊళ్ళో ఈ తేడా త్వరగా బయటపడుతుంది. ఇక్కడ సంగీతం చెప్పేవాళ్ళకీ, నేర్చుకునేవాళ్ళకీ కొదవలేదు. టీటీడీ వాళ్ళ ఎస్వీ సంగీత నృత్య కళాశాల 1959 నుంచీ నడుస్తోంది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇళ్ళల్లో జరిగే పాఠాలు కూడా కంప్యూటరు మీదికెక్కాయి. ఎక్కినవాటిలో కొన్ని మళ్ళీ దిగలేదు. మా వీధిలో గాత్రం చెప్పే ఒక అక్క పాఠాలు అలాంటివే. పొద్దున అయిదున్నరకల్లా శ్రుతి పెట్టుకుని కూర్చుంటుంది, న్యూజెర్సీలో పిల్లలకి అప్పుడు రాత్రి భోజనాల వేళ.

ఆ అక్క ఈమధ్య డెబ్భై వేలు పోసి కొత్త లాప్‌టాప్ కొనింది. మొదటి వారంలోనే మొదలైంది గొడవ. నిమిషానికోసారి "టర్ర్" మని శబ్దం, గమకం మధ్యలో తెగిపోవడం. షాపువాళ్ళు "నెట్ స్లో మేడమ్" అన్నారు. ఆమె నెట్ ప్లాను మార్చింది. సర్వీసు సెంటరువాళ్ళు రెండుసార్లు విండోస్ మళ్ళీ ఎక్కించారు. ఈలోగా మార్చి ఇవ్వడానికి ఉన్న ఏడురోజుల గడువు దాటిపోయింది, ఇద్దరు పిల్లలు మానేశారు. నా దగ్గరికొచ్చినప్పుడు ఆమె అడిగిన ప్రశ్న ఇది: "ఏం నాయనా, పాతది నత్త మాదిరి నడిచినా పాట తెగేది కాదు. ఇదేమో గుర్రం మాదిరి పరిగెత్తతాది, పాట మాత్రం ఎక్కిళ్ళు పెడతాది. ఇదేం చోద్యం?"

చోద్యమేం కాదు. పెళ్ళిలో బంతి భోజనాలు తలుచుకోండి.

విస్తరి ముందు కూర్చున్న మనిషి సౌండ్ కార్డు. ఆయన తినే వేగం మారదు. సెకనుకి 48,000 శాంపిళ్ళు, ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. వడ్డించేవాడు పాట వాయించే ప్రోగ్రాము. విండోస్ మామూలుగా 10 మిల్లీసెకన్లకోసారి వడ్డిస్తుంది, అంటే ఒక్కో విడతకి 480 మెతుకులన్నమాట. వడ్డించేవాడు ఆలస్యంగా వస్తే విస్తరి ఖాళీ అవుతుంది. ఖాళీ విస్తరే మీకు వినిపించే "టర్ర్".

ఇప్పుడు వంటింట్లో పదహారుమంది వంటవాళ్ళున్నారనుకోండి. గుండిగల కొద్దీ అన్నం సిద్ధంగా ఉంది. కానీ వంటింటి గుమ్మంలో ఎవరో ఒకాయన అడ్డంగా నిలబడి పెళ్ళికొడుకు మేనమామతో ముచ్చట్లు పెట్టుకున్నాడు. వంటవాళ్ళు ఎంతమందుంటే ఏం లాభం? విస్తరి ఖాళీయే. ఆ గుమ్మంలో నిలబడ్డాయనే డివైస్ డ్రైవరు.

కొంచెం లోపలికి పోదాం. వైఫై కార్డో, గ్రాఫిక్స్ కార్డో, ఎస్సెస్‌డీనో "నాకు పనుంది" అన్నప్పుడు ప్రాసెసరుకి ఇంటరప్ట్ వస్తుంది. ప్రాసెసరు చేస్తున్న పని వదిలేసి దాని డ్రైవరు మాట వినాలి. అత్యవసరమైన ముక్క అప్పటికప్పుడే చేసేసి, మిగిలింది డీపీసీ అనే వరసలో పెడతారు. ఆ వరసలో పని నడుస్తున్నంతసేపూ ఆ కోర్ మీద మామూలు ప్రోగ్రాములేవీ కదలవు. మీ ఆడియో ప్రోగ్రాముకి ఎంత ప్రయారిటీ ఇచ్చినా సరే, డీపీసీ దానికంటే పైనే. అందుకే మైక్రోసాఫ్టు డ్రైవర్లు రాసేవాళ్ళకి ఒక హద్దు చెప్పింది: ఇంటరప్ట్ పని 25 మైక్రోసెకన్లు, డీపీసీ 100 మైక్రోసెకన్లు దాటకూడదు. చెప్పడం వరకే. దాటితే ఆపే పోలీసులెవరూ లేరు. ఒక డ్రైవరు వందకి బదులు అయిదువేలు తీసుకుంటే, అంటే 5 మిల్లీసెకన్లు, విండోస్ నోరుమూసుకుని ఇస్తుంది. 256 శాంపిళ్ళ బఫరు పెట్టుకుని రికార్డింగు చేసేవాడి చేతిలో ఉండే గడువు మొత్తం 5.3 మిల్లీసెకన్లే. ఇంక ఆయన పాట ఏమవుతుందో లెక్కేసుకోండి.

"బఫరు పెంచితే పోలా?" అంటారు. పోతుంది, కొంతవరకు. 1024 శాంపిళ్ళు పెడితే 21 మిల్లీసెకన్ల గడువు దొరుకుతుంది. విస్తరిలో ఒకేసారి నాలుగు గరిటెలు వేసినట్టు. వినడానికైతే పరవాలేదు. కానీ పాడేవాడు తన గొంతు తనే హెడ్‌ఫోన్స్‌లో వింటూ పాడాలంటే ఆ ఆలస్యం చెవికి తగులుతుంది. పైగా జబ్బు దాక్కుంటుంది, నయం కాదు.

ఇక్కడ చాలామంది కలిపేసే రెండు సంగతులు విడదీయాలి. ఇక్కణ్ణుంచి న్యూజెర్సీకి 13 వేల కిలోమీటర్ల పైనే. ఫైబరులో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే తీగ తిన్నగా వేసినా పోయి రావడానికి కనీసం 130 మిల్లీసెకన్లు. డెబ్భై వేలు కాదు, ఏడు లక్షలు పోసినా అది తగ్గదు. అయినా ఆ అక్క పాఠాలు ఏళ్ళతరబడి చక్కగా నడిచాయి. ఎట్లా? ఇద్దరూ కలిసి పాడరు కాబట్టి. ఆమె పాడాక పిల్లలు పాడతారు. ఎప్పుడూ ఒకేలా ఉండే ఆలస్యానికి మనిషి అలవాటుపడతాడు, పద్ధతి మార్చుకుంటాడు. ఎప్పుడొస్తుందో తెలియని ఆలస్యానికే మందు లేదు.

ఆఫీసులో మనందరికీ ఈ సంగతి తెలుసు. సర్వరు సగటున ఎంతలో జవాబిస్తుందని చూసి ఊరుకోం. నూటికి తొంభైతొమ్మిదో రిక్వెస్టు ఎంతసేపు పట్టిందని మేనేజరు అడుగుతాడు, మనం తలకాయ పట్టుకుంటాం. బెంచ్‌మార్కులన్నీ సగటు వేగం చెప్పేవే. పాట తెగేది మాత్రం సగటు దగ్గర కాదు, అన్నిటికంటే ఎక్కువసేపు పట్టిన ఆ ఒక్కసారి దగ్గర.

ఇది చవక సరుకుకి వచ్చే జబ్బు అనుకోకండి. పెద్దపెద్దవాళ్ళకీ వచ్చింది. 2007లో విండోస్ విస్టాలో పాట పెడితే నెట్‌వర్కు మీద ఫైల్ కాపీ నత్తనడక నడిచేది. ఎందుకో తెలుసా? నెట్‌వర్కు డీపీసీలు పాటని తెంపుతున్నాయని, పాట నడుస్తున్నంతసేపూ మిల్లీసెకనుకి 10 ప్యాకెట్లే తీసుకోమని మైక్రోసాఫ్టు వాళ్ళే బ్రేకు వేశారు. 2018లో యాపిల్ టీ2 చిప్‌తో తెచ్చిన మాక్‌లలో యూఎస్‌బీ ఆడియో తెగేది. 2019లో మొజావే 10.14.4తో సర్దారు. 2022 మార్చిలో ఏఎండీ ఒప్పుకుంది: కొన్ని రైజెన్ మిషన్లలో ఎఫ్‌టీపీఎం అనే భద్రతా ముక్క మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్‌తో మాట్లాడేటప్పుడు మిషను మొత్తం ఒక్క క్షణం బిగుసుకుపోతోందని. మందు డ్రైవర్లో లేదు, బయాస్‌లో ఉంది. అలాంటి మిషన్ని ఎన్నిసార్లు ఫార్మాట్ చేస్తే ఏం ఒరుగుతుంది?

సరే, పనిలోకి దిగుదాం. నేను పాటించే వరస ఇది.

1. బ్లూటూత్ తీసేసి వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టండి. బ్లూటూత్ హెడ్‌సెట్లో మైకు ఆన్ అయ్యేసరికి సౌండ్ నాణ్యత పడిపోవడం మామూలే. అది వేరే కథ.

2. డిస్కులో ఉన్న పాటే పెట్టండి. అది కూడా తెగుతుంటే నెట్ స్పీడుకి సంబంధం లేదు. షాపువాడు ఏం చెప్పినా సరే.

3. లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాము దించుకుని పాట నడుస్తుండగా పది, పదిహేను నిమిషాలు ఉంచండి. ఛార్జరు పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి. ఏ డ్రైవరు ఎక్కువలో ఎక్కువ ఎంతసేపు పట్టిందో చూపిస్తుంది. పాత రోజుల్లో అందరూ వాడిన డీపీసీ లేటెన్సీ చెకర్ని విండోస్ 8 నుంచి నమ్మడానికి లేదు.

4. అది చూపించిన పేరుని వెంటనే దోషి అనెయ్యకండి. ఎన్‌డీఐఎస్ అని వస్తే అది మైక్రోసాఫ్టు నెట్‌వర్కు చట్రం, దాని కింద వేరేవాడి డ్రైవరు ఉంటుంది. ఏసీపీఐ అని వస్తే బ్యాటరీ, బయాస్ వైపు చూడాలి. గుమ్మం పేరు చెప్పింది, నిలబడ్డవాడి పేరు మీరు కనుక్కోవాలి.

5. ఒకసారికి ఒకటే మార్చండి. వైఫై ఆపి కొలవండి. మళ్ళీ పెట్టి, గ్రాఫిక్స్ డ్రైవరు మార్చి కొలవండి. పవర్ ప్లాన్ మార్చి కొలవండి. అయిదూ ఒకేసారి మారిస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలీదు. వచ్చే అప్‌డేట్‌కి మళ్ళీ మొదటికొస్తుంది.

6. బయాస్, చిప్‌సెట్ డ్రైవర్లు తయారీదారు సైటులో చూడండి. కొత్త మోడల్‌కి మొదటి నెలల్లో వచ్చే బయాస్ అప్‌డేట్లలో ఇలాంటి సవరణలే ఉంటాయి చాలాసార్లు.

7. అయినా తేలకపోతే పెన్‌డ్రైవులో లినక్స్ వేసుకుని దాన్నుంచి బూట్ చేసి పాట పెట్టండి. అందులోనూ తెగితే విండోస్‌ని వదిలేసి ఫర్మ్‌వేర్‌నీ హార్డ్‌వేర్‌నీ అనుమానించండి. (లినక్స్ అయితే ఈ గొడవే ఉండదు అనే మిత్రులకి ఒక మాట: రియల్‌టైమ్ సౌకర్యం అసలు కెర్నెల్లోకి పూర్తిగా చేరింది 2024లో, 6.12తో. మన పండగ కూడా కొత్తదే.)

అక్క లాప్‌టాప్ రెండో మెట్టులోనే కొంత చెప్పేసింది. డిస్కులో ఉన్న తంబూర శ్రుతి కూడా తెగుతోంది. అంటే నెట్ తప్పు కాదు. కానీ వైఫై ఆపగానే శ్రుతి నున్నగా సాగింది! అంటే నెట్ తప్పేనా? కాదు. నెట్‌కార్డు డ్రైవరు తప్పు. విండోస్ తనంతట తను ఎక్కించిన కొత్త డ్రైవరు గుమ్మంలో నిలబడి ఉంది. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ అప్‌డేట్‌లో అదే వచ్చి కూర్చునేది, రెండుసార్లు చేసినా గుణం కనబడకపోవడానికి కారణమదే. తయారీదారు సైటులో ఉన్న పాత డ్రైవరు వేసి, దాన్ని మార్చొద్దని విండోస్‌కి చెప్పాం. ఖర్చు సున్నా. పట్టిన సమయం ఒక సాయంత్రం. మానేసిన ఇద్దరు పిల్లలు మాత్రం తిరిగి రాలేదు.

అదే నాకు మింగుడుపడటం లేదు. డ్రైవరు రాసినవాడు, దాన్ని పరీక్షించకుండా పంపినవాడు, డబ్బు తీసుకుని "నెట్ స్లో" అన్నవాడు, వీళ్ళలో ఒక్కరికీ ఏమీ పోలేదు. పోయింది ఆమెకి. రేపు కంప్యూటరు మీద కచేరీ రికార్డు చేసుకునే మృదంగం కుర్రాడికీ, మదనపల్లెలో కూర్చుని బెంగళూరు ఆఫీసు మీటింగులో మాట్లాడే పిల్లకీ ఇదే జరగొచ్చు. ఆ అమ్మాయి మాట తెగితే "మీ ఊళ్ళో నెట్ బాగాలేదా?" అంటారు. ఊరికి చెడ్డపేరు, డ్రైవరుకి కాదు.

కంపెనీలు పెట్టె మీద డీపీసీ లెక్కలు వేసేదాకా ఆగక్కర్లేదు. మన చేతిలో ఉన్నది మనం చెయ్యొచ్చు. మీ సలహా మీద ఎవరైనా కంప్యూటరు కొంటే, పెట్టె విప్పిన మొదటి రోజే, మార్చుకునే గడువు ఉండగానే, ఆ పదిహేను నిమిషాల పరీక్ష చెయ్యండి. ఫలితం బొమ్మ తీసి దాచండి. తేడా ఉంటే షాపులో నోటిమాటతో కాకుండా ఆ కాగితంతో మాట్లాడండి. వినకపోతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌కి పోవాలన్నా, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు. "పాట తెగుతోంది సార్" అంటే నవ్వుతారు. "మీరిచ్చిన డ్రైవరు వంద మైక్రోసెకన్ల పనికి ఇన్ని వేలు తీసుకుంటోంది" అంటే కనీసం మేనేజర్ని పిలుస్తారు.

ఇంకోటి. ఈసారి ఎవరైనా అడిగినప్పుడు ప్రాసెసరేది, ర్యామెంత అనే ముందు "దీంతో ఏం పని చేస్తారు?" అని అడుగుదాం. పాడతాను అంటే, ఆ మిషనుకి గుర్రం పరుగు కంటే టైముకి వచ్చే బస్సు గుణం ముఖ్యం. ఏమంటారు?