మాటకు మధ్యవర్తి



ఈ మాసము దూరదేశపు ఇంటి ముచ్చట యొకటి చెప్పదలచితిని. భాష తెలియని చోట తల్లికి జబ్బుచేసినచో వైద్యునితో మాటలాడువా రెవరు? పెక్కిండ్లలో బడికి బోవు కూతురే. 1968లో పశ్చిమ జర్మనీ పనివారిని గూర్చి యుగోస్లావియాతో ఒడంబడిక చేసికొన్న పిదప క్రొయేషియానుండి వేలకొలది స్త్రీపురుషులు జర్మనీకి వలసపోయిరి. 2013లో క్రొయేషియా యూరపు సమాఖ్యలో చేరెను. 2015 జూలై నుండి ఆ దేశీయులకు జర్మనీలో పనిచేయుటకు ప్రత్యేకానుమతి అక్కరలేకపోయెను. పోయినవారికి పని దొరకినంత త్వరగా భాష దొరకునా?

ఆ బిడ్డపై నెంత బరువో చూడుడు. కడుపులోని గడ్డను గూర్చిన మాట ఆ పసినోట వెలువడవలయును. తల్లి సిగ్గుపడి సగము దాచును. బిడ్డ భయపడి తక్కిన సగము మ్రింగును. దీనిని పొదుపనుకొనుట నాకు సమ్మతము గాదు.

భాషలో చిక్కులు వేరే యున్నవి. జర్మనులో ‘మోర్గెన్’ అనగా ఉదయము, రేపు అని రెండర్థములు. క్రొయేషియనులో ఉదయము ‘యుత్రో’, రేపు ‘సుత్రా’. మందు వేళ చెప్పునప్పుడు తొందరలో నొకటి కొకటి పలికిన నేమగును? మరియు, జర్మనులకు మేనమామయైనను పినతండ్రియైనను ‘ఒంకెల్’ ఒక్కడే. క్రొయేషియనులో మనవలెనే మేనమామ ‘ఉయాక్’ వేరు, తండ్రి సోదరుడు ‘స్ట్రీత్స్’ వేరు. ఆస్తి దస్తావేజులో ఒంకెల్ అని యున్నచో, ఏ వైపువాడో విచారింపక తర్జుమా చేయరాదు.

కావున తగినవారిని వెదకవలయును. నోటిమాటకు దుబాసీ, వ్రాతకు అనువాదకుడు. ఇవి రెండు వృత్తులు. జర్మనులో మొదటివానిని ‘డోల్మెచర్’ అనియు, రెండవవానిని ‘యూబర్‌జెట్సర్’ అనియు అందురు. (క్రొయేషియనులో దుబాసీని ‘తుమాచ్’ అందురు. డోల్మెచర్‌కు దీనికి మూలమొక్కటే!) జర్మనీలో న్యాయస్థానమున ప్రమాణము చేసినవారి పట్టికను రాష్ట్రముల న్యాయశాఖలు కలసి ఉంచుచున్నవి. భాషను, ఊరిని బట్టి ఎవరైనను అందు వెదకవచ్చును. క్రొయేషియాలో ఇట్టివారు ‘సుద్స్కి తుమాచ్’లు, వారి పట్టికలు న్యాయస్థానములలో నుండును. ఇవిగాక, జర్మనీలో 1955లో ఏర్పడిన దుబాసీల, అనువాదకుల సమాఖ్య యున్నది.

కుదుర్చుకొనుటకు ముందు, ఏ భాషనుండి ఏ భాషకు చేయుదురో, వైద్యవిషయములలో అనుభవ మున్నదో అడుగవలయును. జర్మనీలో వ్రాతకూలి తరచు 55 అక్షరముల పంక్తికి లెక్కింతురు గనుక ముందే అంచనా కోరుట మేలు. పేర్లలోని గుర్తులను కూడ సరిచూచుకొనవలెను. క్రొయేషియనులో ‘చ’కారములు రెండు, గుర్తు మారిన అక్షరమే మారును.

జనన, వివాహ పత్రములకు మాత్రము తొందరపడి డబ్బు పెట్టరాదు. 2019 ఫిబ్రవరి 16 నుండి సమాఖ్యదేశములలో వానికి తోడుగా బహుభాషా పత్రము నడిగి పుచ్చుకొనవచ్చును. అది చాలినచో తర్జుమా అక్కరలేదు. నేరవిచారణలలో దుబాసీని ఉచితముగా పొందు హక్కును 2010 నాటి సమాఖ్య శాసనమే యిచ్చినది.

ఆసుపత్రి మాటకు వత్తును. తేదీ నిర్ణయించునాడే క్రొయేషియను దుబాసీ కావలయునని, వీలైన స్త్రీయే కావలయునని చెప్పి, కూలి ఎవరు చెల్లింతురో అడిగి యుంచవలయును. అప్పుడు కూతురు ఆ దినమున బడికి బోవచ్చును.