ఆకు జిగురైందని మందుల దుకాణానికి పోయే ముందు

చేవెళ్ల వైపు పూల రైతులు ఈ మధ్య ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "అన్నా, గులాబీ ఆకు ముట్టుకుంటే చేతికి అంటుకుంటోంది. బెల్లం పాకం పోసినట్టు మెరుస్తోంది. నాలుగు రోజులకు మసి పడుతోంది. ఏం మందు కొట్టాలె?" బటన్ గులాబీ అని మనం పిలిచే చిన్న పూల రకాల్లో ఈ బాధ ఎక్కువ. చెట్టు పొట్టిది, గుబురుది. చిగురు లేతగా వస్తూనే ఉంటుంది, లోపల గాలి ఆడదు.

మూడేళ్ల కింద నా అర ఎకరంలోనూ ఇదే జరిగింది. నల్లబడ్డ ఆకు పట్టుకుని దుకాణానికి వెళ్లాను. కౌంటర్‌లోని పిల్లగాడు ఆకును చేతిలోకి కూడా తీసుకోలేదు. తెగులుకని ఒక డబ్బా, దేనికైనా పనిచేస్తుందని ఒక పురుగుమందు, చిగురుకని ఒక టానిక్ ముందు పెట్టాడు. 2,300 రూపాయలు అప్పు ఖాతాలో రాసుకున్నాడు. బిల్లు లేదు. మూడూ కలిపి కొట్టాను. మూడు వారాలకు జిగురు మునుపటికన్నా ఎక్కువైంది.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత తెలిసింది. ఆకు మీది మసి అసలు జబ్బు కాదు. రసం పీల్చే పురుగు తాగిన రసంలోని చక్కెరను వెనక నుంచి వదులుతుంది. అదే జిగురు. ఆ తీపి మీద నల్ల బూజు పెరుగుతుంది. అది ఆకులోకి దిగదు, ఎండ తగలకుండా అడ్డుపడుతుంది, అంతే. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. తుడిచినా పోని గుండ్రటి నల్ల మచ్చలైతే అది నల్లమచ్చ తెగులు, దాని వైద్యం వేరు. మసికి తెగులు మందు కొడితే డబ్బు మట్టిపాలే.

ఇంకో సంగతి. జిగురు పై నుంచి కిందికి రాలుతుంది. కాబట్టి అంటుకున్న ఆకును కాదు, దాని పై కొమ్మను చూడాలి. చిగురు కొసన, మొగ్గ తొడిమ మీద ఆకుపచ్చగానో నల్లగానో గుంపుగా ఉంటే పేనుబంక. మన పెద్దలు బంక అనే గుర్తును పురుగు పేరులోనే పెట్టారు, మనమే మరిచిపోయాం. అది వదిలిన తెల్లటి పొట్టు చూసి చాలామంది తెల్లదోమ అనుకుంటారు. కొమ్మ కదిలిస్తే ఎగిరితేనే తెల్లదోమ. కణుపుల్లో దూది అంటుకున్నట్టుంటే పిండినల్లి. కాండం మీద గోటితో గీరితే ఊడే బిళ్లలు పొలుసు పురుగు. వీటిలో కొన్ని రకాలు జిగురు వదలవు. నల్లి, తామర పురుగు కూడా జిగురు చేయవు. చీమలు బారులు కట్టి ఎక్కుతుంటే వాటి వెంట పొండి, పురుగు దగ్గరికి అవే తీసుకెళ్తాయి.

పేనుబంక ఇంకా కొద్దిగా ఉంటే పొద్దున్నే గొట్టంతో నీళ్లు గట్టిగా చిగుళ్లకు, ఆకు అడుగుకు కొట్టండి. రాలినవి మళ్లీ ఎక్కడం కష్టం. సాయంత్రం తడపొద్దు, తడి నిలిస్తే తెగులు వస్తుంది. బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి కాల్చేయండి. మిగిలినవాటికి 5 శాతం వేపగింజల కషాయం, లేదంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె కొద్దిగా సబ్బు నీళ్లతో కలిపి, ఎండ తగ్గాక ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. ముందు నాలుగు చెట్ల మీద కొట్టి, ఆకు మాడదని చూసుకోండి. వారానికి మళ్లీ కొట్టాలి, ఎందుకంటే పేనుబంక పిల్లలనే కంటుంది, అవి వారం పది రోజుల్లో తల్లులవుతాయి. యూరియా చేతికొచ్చినంత చల్లడం ఆపండి. ఆ లేత చిగురే దానికి విందు.

నా తోటలో జిగురు ఎందుకు పెరిగిందో చెప్పాలి. నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా పాకే పురుగును చూసి అదే శత్రువనుకున్నాను. అది అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకను తినేదే అది. దేనికైనా పనిచేసే మందు ముందు దాన్నే చంపింది.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే మందు కొట్టక తప్పదు. అప్పుడైనా డబ్బా మీద గులాబీ పేరు, ఆ పురుగు పేరు ఉన్నాయా అని చదవండి, చదివించుకోండి. పూలు కోసేది, దండ కట్టేది మన ఆడవాళ్ల చేతులు. కొట్టిన తెల్లారే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపే పద్ధతి మానాలి. ఈ మాట కొందరికి రుచించదని తెలుసు.

తప్పంతా రైతుదేనా? బిల్లు లేకుండా పురుగుమందు అమ్మకూడదని నిబంధన ఉంది. అడిగితే అప్పు ఇవ్వనంటారని మనం అడగం. 5 వేల ఎకరాలకొక క్లస్టర్, దానికొక ఏఈఓ, ఒక రైతు వేదిక అన్నారు. ఏఈఓ సర్వేలతోనే అలిసిపోతున్నాడు, పూల తోట గురించి అడిగితే ఉద్యాన శాఖను అడగమంటాడు. ప్రతి రైతు వేదికలో వారానికొక రోజు ఉద్యాన అధికారి కూర్చోవాలి, రైతు తెచ్చిన ఆకును చూసి పురుగు పేరు, మందు పేరు కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. మన సంఘం అడుగుతున్నది ఇదే. ఆ కాగితం చేతిలో ఉంటే కౌంటర్ దగ్గర మూడు డబ్బాలు అంటగట్టడం అంత తేలిక కాదు.

వచ్చే మండల సమావేశానికి జిగురు పట్టిన కొమ్మ ఒకటి, పోయినసారి కొన్న మందు డబ్బా ఒకటి సంచిలో వేసుకుని రండి. పత్తి, మామిడి రైతులూ తేవచ్చు, వాళ్లదీ ఇదే గోస. భూతద్దం నేను తెస్తాను.