చిక్కటి ఆయిల్... చక్కటి ఇంజినా?

కండ్లకోయలో మా బావగారి మేడెక్కితే అవుటర్ రింగు రోడ్డు కనిపిస్తుంది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డులో అన్నిటికన్నా ఆఖరున, 2018లో పూర్తయిన ముక్క కండ్లకోయ దగ్గరదే. అంత రోడ్డు గుమ్మం ముందున్నా ఆయన డీజిల్ కారు దాన్ని ఎక్కేది ఏ పండక్కో పబ్బానికో. పొద్దున పిల్లల్ని బడిలో దింపడం, సాయంత్రం మేడ్చల్ వెళ్లి కూరగాయలు తేవడం... దాని ప్రయాణమంతా అంతే.

మొన్న దసరాకి వెళ్లేసరికి ఆయన దిగులుగా ఉన్నారు. ‘‘మీటరు దగ్గర ఏదో పసుపు లైటు వెలుగుతోందోయ్. సర్వీసులో ఏ లోటూ చెయ్యలేదు. తెలిసిన మెకానిక్కే, ఆయిల్ కూడా మంచిదే పోశాడు’’ అన్నారు. ఏం ఆయిల్ అంటే బిల్లు తెచ్చి చూపించారు. పాత లారీలకు పోసే రకం! ‘‘డీజిల్ బండికి చిక్కటి ఆయిలే మంచిది సార్, ఇంజిన్ గట్టిగుంటది’’ అన్నాడట మెకానిక్.

బానెట్ తీసి డిప్‌స్టిక్ చూశాను. ఆయిల్ పైగీత దాటి ఉంది. ‘‘వాడుతుంటే తగ్గాలి గానీ పెరగడమేంటి?’’ అని బావగారి ఆశ్చర్యం.

ఎందుకు పెరిగింది?

2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నీ బీఎస్-6 ప్రమాణాల ప్రకారమే రావాలి. ఈ డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. దాన్నే డీపీఎఫ్ అంటారు. మసి నిండినప్పుడల్లా ఇంజిన్ కాస్త ఎక్కువ డీజిల్ ఖర్చుపెట్టి, ఆ వేడితో మసిని కాల్చేసుకుంటుంది. అది పూర్తవ్వాలంటే బండి కాసేపు నిలకడగా పరుగెత్తాలి. రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే పని సగంలో ఆగుతుంది. మండని డీజిల్ పిస్టన్ల పక్క నుంచి జారి కింద ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద పెరిగింది ఆ డీజిలే. దాంతో ఆయిల్ పలచబడుతుంది, ఇంజిన్ అరిగిపోతుంది.

ఇక రెండోది. ఆయిల్‌లోని కొన్ని రసాయనాలు కాలితే బూడిద మిగులుతుంది. మసిని కాల్చొచ్చు గానీ బూడిదను కాల్చలేం. అది ఫిల్టరులోనే పేరుకుపోతుంది. అందుకే ఈ కార్లకు బూడిద తక్కువిచ్చే ఆయిల్ పొయ్యమంటారు. లారీ ఆయిల్‌కి ఆ షరతు లేదు.

డబ్బా మీది అంకెలు

‘‘అయితే బాగా ఖరీదైన సింథటిక్ కొనేస్తే సరి’’ అన్నారు బావగారు. అదీ సరికాదు. ముందు అంకెలు చూడాలి. 5డబ్ల్యూ-30 అని ఉంటే, డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ అంత త్వరగా పారుతుంది. రెండో అంకె వేడెక్కాక ఉండే చిక్కదనం.

మన ఎండల్లో వింటర్‌తో పనేంటంటారా? దాదాపు నూరు డిగ్రీల వేడిలో పనిచేసే ఇంజిన్‌కి మన మే నెల పొద్దు కూడా చలికాలమే. డిసెంబరులో కొబ్బరినూనె సీసా బోర్లిస్తే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఇంజిన్ ఆయిల్ అలా గడ్డకట్టదు గానీ, స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో చిక్కటిది పైకి చేరడానికి ఆలస్యమవుతుంది. అరుగుదల ఎక్కువ ఉండేది అప్పుడే.

సింథటిక్ గొప్పదనం ఇక్కడే. మామూలు ఆయిల్ జల్లించని బియ్యం లాంటిది. అణువులు చిన్నవీ పెద్దవీ కలిసి ఉంటాయి. సింథటిక్‌లో దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి చల్లగా ఉన్నా పారుతుంది, వేడికి త్వరగా పాడవదు. కానీ ఆ మాట ఒక్కటే చూసి కొంటే బావగారి ఫిల్టరుకి ఒరిగేదేమీ లేదు. సింథటిక్‌లోనూ బూడిద ఎక్కువిచ్చేవి ఉన్నాయి.

కొనేముందు...

* కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏ గ్రేడు, ఏ ప్రమాణం రాశారో చూడండి. రెండూ కలిసిన డబ్బానే తీసుకోండి.

* పెట్రోలు కార్లకు ఏపీఐ ముద్రలో ఎస్ తర్వాతి అక్షరం చూడాలి. 2020లో ఎస్‌పీ, 2025లో ఎస్‌క్యూ వచ్చాయి. పుస్తకంలో ఉన్నదానికన్నా కొత్తది సాధారణంగా వాడొచ్చు, పాతది వద్దు.

* డీపీఎఫ్ ఉన్న డీజిల్ కారుకి చాలా కంపెనీలు ఏసీఈఏ సీ తరగతి ఆయిల్ చెబుతాయి. సీ2నా, సీ3నా అన్నది పుస్తకమే చెప్పాలి.

* సింథటిక్ పోశాం కదా అని గడువు దాటించొద్దు. కిలోమీటర్లు, నెలలు... ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలి. తక్కువ దూరాలే తిరిగే బండికి ఇంకా ముందే.

* సీలు మీ ముందే తీయించండి. ఖాళీ డబ్బాను చింపేసి వెళ్లండి, నకిలీ నింపేవాళ్ల చేతికి చిక్కదు.

* ఆయిల్ పైగీత దాటి పెరిగితే బండి నడపకుండా మెకానిక్‌ని పిలవండి.

బావగారి కారుకి వర్క్‌షాపులో ఆయిల్ మార్చి, ఫిల్టరులో మసి కాల్పించారు. పేరుకున్న బూడిద మాత్రం అలాగే ఉంది. కొత్త ఫిల్టరు ధర విన్నాక ఆయన సొరుగులోంచి కారు పుస్తకం తీసి డాష్‌బోర్డులో పెట్టారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే అవుటర్ ఎక్కి ఓ అరగంట తిరిగొస్తున్నారు. కారు కోసమేనంటారు. ‘‘పెళ్లయిన ఇన్నేళ్లకి షికారుకి తీసుకెళ్తున్నారు. ఆ ఫిల్టరు చల్లగా ఉండాలి’’ అంటోంది మా అక్క.