ఇంటికి రంగులేయిస్తున్నారా? ముందు మేస్త్రి కూలి రాసుకోండి

సనయ్యలో ఉండే ఒక తమ్ముడు మొన్న శుక్రవారం ఫోన్‌లో ఫోటో చూపించాడు. ఊళ్లో ఇంటికి రంగులు సగంలో ఆగిపోయాయి. పంపిన డబ్బంతా ఒకేసారి పంపాడు. అది లప్పానికి, డబ్బాలకే అయిపోయింది. కూలి మిగల్లేదు, మేస్త్రి ఇంకో పనికి పోయాడు. మేస్త్రి మోసం చేశాడని తమ్ముడి కోపం. అడిగితే తేలిందేమిటంటే, మాట్లాడుకున్నది "మొత్తం ఇంతకి" అని మాత్రమే.

బీకాం చదివిన పాపానికి ఈ లెక్కలు నా దగ్గరికే వస్తాయి. 10కి 12 గది, ఎత్తు 10 అడుగులు అనుకోండి. గోడలు 440 చదరపు అడుగులు, పైకప్పు 120, మొత్తం 560. తలుపులు, కిటికీలు అందులోంచి తీసేయాలి. ఇలా ప్రతి గదీ కొలిపించండి. లప్పం రెండుసార్లు, ప్రైమర్ ఒకసారి, రంగు రెండుసార్లు అని కాగితం మీద రాయించి, అప్పుడు అడుగుకి రేటు అడగండి. సామాను ఖర్చు వేరు, కూలి వేరు. పని నడిచేకొద్దీ పంపండి. ఏజెంటు అప్పు తీరకుండా రంగులకి కొత్త అప్పు మాత్రం వద్దు.

పని అయిపోయాక "పండక్కి వచ్చి ఇస్తాలే" అనేవాళ్లూ మనలో ఉన్నారు. నాకది నచ్చదు. ఇక్కడ జీతం ఆలస్యమైతే మనం ఫిర్యాదు చేస్తాం, చేయాలి కూడా. 2021 మార్చి నుంచి ఇళ్లల్లో పనిచేసే అక్కలతో సహా అందరికీ కనీస బేసిక్ 1000 రియాళ్లని ఖతర్ చట్టమే చెప్తోంది. ఊళ్లో మేస్త్రికి అడగడానికి ఎవరున్నారు? మీవాళ్లు గోడలు చూసి సరే అన్న రోజే కూలి చేతిలో పెట్టించండి.

ఆ తమ్ముడికీ ఇదే చెప్పాను. వచ్చే జీతంలో ముందు మేస్త్రి బాకీ పంపుతానన్నాడు.