నాపరాతి నేలయు, ఇంటి లెక్కయు

మన యిండ్లలో ప్రతిదినము వేకువను తుడిచి, కడిగి, పండుగనాడు అంచులకు ముగ్గు తీర్చెడి నాపరాతి బండ యెచ్చటినుండి వచ్చినదో విచారించు గృహిణులు కొలదిమందియే. వేసవిలో పాదములకు చల్లదన మొసగు ఆ బండలలో బేతంచెర్లవి పేరెన్నికగన్నవి. వస్తువును వాడువారికి దాని వెల తెలియును గాని, దాని వెనుకనున్న సంసారములు తెలియవు. ఈ మాసమున ఆ సంసారములనుగూర్చియు, అందు స్త్రీ చేయదగిన యొక చిన్నపనినిగూర్చియు సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

బేతంచెర్ల పూర్వము కర్నూలు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి నంద్యాల జిల్లాలో చేరినది. గుంతకల్లు-నంద్యాల రైలుమార్గ మీ యూరిమీదుగా పోవును. ఇది ఎడారి కాదు గాని, వానను నమ్ముకొన్న మెట్టసీమ. ఏటి సగటు వర్షము 700 మిల్లీమీటర్లకు లోపలనే. పెక్కుచోట్ల మట్టి పలుచన, దానిక్రింద రాయి. భూగర్భశాస్త్రజ్ఞులు దీనిని నార్జి సున్నపురాయి యందురు. కడప జిల్లాలోని నార్జి గ్రామమునుబట్టి యా పేరు వచ్చినది. అతిప్రాచీనకాలమున సముద్రపుటడుగున పొరలుపొరలుగా పేరుకొని గట్టిపడినది గావున, పుస్తకపు పుటలవలె పొరలుగానే విడివడును. పంటకు పగయైన యా రాయియే యిచ్చట కూలికి దిక్కైనది.

పైమట్టిని తొలగించి, పొరల సందులలో ఉలులు దించి, సమ్మెటతో కొట్టి, గడ్డపారలతో బండ నెత్తుట పాతపద్ధతి. వడ్డెర కుటుంబములు తరతరములుగా రాతిపనియం దారితేరినవి. ఇప్పుడు కోతయంత్రములు వచ్చినవి. బండలు ట్రాక్టర్లమీద పాలిష్ ఫ్యాక్టరీలకు చేరి, అంచులు కోయబడి, నీటితో మెరుగుపెట్టబడి, చదరపుటడుగుల లెక్కన లారీల కెక్కును. గనిలో విరిగిన ముక్కయు, కోతలో పోయిన యంచును, మెరుగుపెట్టునపుడు జారిన బురదయు ఊరిచుట్టు గుట్టలై నిలుచును. నునుపు దేశమునకు, పొడి మనకు!

గనిలో స్త్రీ చేయు పనికి పేరు లేదు. ముక్కలను తట్టల కెత్తుట, బండలను పేర్చుట, పనివారికి నీరు మోయుట ఆమె పాలిటివి. అంతకుముందే యింట నీళ్లు, వంట, పిల్లల పని ముగించి రావలెను. కూలి కొన్నిచోట్ల దినమున కింతయనియు, కొన్నిచోట్ల తీసిన బండల కొలతనుబట్టియు నుండును. వాన కురిసి గుంత నిండిన నాడు పని లేదు. గుజరాతులోని మోర్బీ మొదలగు చోట్లనుండి వచ్చు టైల్సువలన బండకు గిరాకి తగ్గిననాడును పని తగ్గును. చేనికి వాన లేకున్న కష్టము. గనికి వాన వచ్చినను కష్టమే.

ఇట్టి సంసారమును నిలబెట్టునదియు, పడగొట్టునదియు అడ్వాన్సు. పెండ్లికో, వైద్యమునకో, పిల్లల చదువునకో యజమానియొద్ద సొమ్ము ముందుగా తీసికొందురు. కూలిలో వారమువారము కొంత పట్టుకొందురు. ఒక యింటివారు 20,000 రూపాయలు తీసికొనిరనుకొందము. వారమునకు 500 చొప్పున పట్టిన 40 వారములకు తీరును. నడుమ జ్వరమువచ్చి మరి 5,000 తీసికొన్నచో, మరి 10 వారములు పెరుగును. వానకు పని నిలిచిన వారము లంతకంతకు వెనుకకు పోవును. ఏ వారము పట్టిరి, ఏ వారము పట్టలేదు అను జ్ఞాపకము ఒక్క యజమాని పుస్తకమునందే యున్నచో, అప్పు తీరినదియు తీరనిదియు ఆయన నోటిమాటయే యగును.

మా యెరుకలో నొక కూలిగృహిణి కలదు. ఆమెకు అక్షరములు రావు. తలుపు వెనుక గోడమీద బొగ్గుతో వారమున కొక గీత గీయును. పట్టుబడి లేని వారమునకు గీతకు బదులు సున్న చుట్టును. ఒకసారి మేస్త్రీ యింకను తొమ్మిది వారములు కలవనగా, ఆమె గోడ అయిదే చూపినది. ఆమె గీతల లెక్కను దినములతోసహా చెప్పగా, మేస్త్రీ తన పుస్తకమును తిరుగవేసి చూచుకొని, నాలుగు పట్టుబడులు వ్రాయుట మరచినట్లు ఒప్పుకొనెను. ఆ గీతల విలువ 2,000 రూపాయలు!

అరణ్యపర్వమున ద్రౌపది సత్యభామతో సంభాషించుచు, పాండవుల రాచనగరి యాయవ్యయములు తా నెరుగుదునని చెప్పుట మన మెరిగినదే గదా. అంతటి మహారాజ్ఞికే లెక్క చిన్నతనము కానపుడు, మనకు కానేల? కావున ప్రతి యింట నొక చిన్నపుస్తక ముండవలెను. అందు నాలుగు వరుసలు చాలును: తేది, పనిచేసిన దినములు, చేతికి వచ్చిన కూలి, అడ్వాన్సులో పట్టిన సొమ్ము. వారాంతమున ఒక్క సంతకమో వ్రేలిముద్రయో యజమాని పక్షమున వేయించుకొన్న మరియు మేలు. అడ్వాన్సు తీరలేదని మనిషిని వేరొక పనికి పోనీయక కట్టివేయుట 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టముచే నేరమనియు ఆమెకు తెలుపవలెను. అట్టి యిక్కట్టున జిల్లా కలెక్టరునకు మొరపెట్టుకొనవచ్చును.

ఇక దుమ్ము సంగతి. రాతిధూళిలో పలుగురాతి యంశ ముండినచో, అది ఏండ్ల తరబడి యూపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను రోగమును కలిగించును. చెడిన యూపిరితిత్తిని మరల బాగుచేయు మందు లేదు. నీరు చల్లుచు కోసినచో దుమ్ము లేచుట చాల తగ్గును. పనిబట్టలను విడిగా నుదుకుట, పసిబిడ్డలను గనియొడ్డున పరుండబెట్టకుండుట తల్లులు చేయగలిగినవి. కాని బిడ్డ నెచ్చట నుంచవలెను? 1966లోనే గనులయందు శిశుగృహముల నేర్పరుపవలెనని నియమములు చేసిరి. 2015లో ఖనిజచట్టమును సవరించి, గనులవలన బాధితులగు ప్రాంతముల హితమునకు జిల్లా ఖనిజ నిధి నేర్పాటుచేసిరి. త్రాగునీరు, ఆరోగ్యము, విద్య, స్త్రీశిశుసంక్షేమము ఆ నిధికి ముఖ్యమైన పనులు. అడుగనివారి వాకిటికి నిధి నడచిరాదు. గ్రామసభలో నలుగురు స్త్రీలు కలిసి యడుగవలెను.

చదువు నేర్చిన సోదరీమణులకు మా విన్నపమిది. మన నేలలు నునుపుదేరుటకు చెమట యోడ్చిన యా యిల్లాండ్రకు మనము దానము చేయనక్కరలేదు. వారమున కొక్క సాయంకాలము, అరగడియ, పొరుగున నున్న యొక కూలిగృహిణి ప్రక్క కూర్చుండి ఆమె చెప్పిన లెక్కను వ్రాసిపెట్టుదము; ఆరునెలలలో ఆమెయే వ్రాసికొనునట్లు అంకెలు నేర్పుదము. ఒక సంసారపు అప్పు ఒక్కవారము ముందుగా తీరినను, మన చదువు సార్థకమైనట్లే.